ఎర్ర టేపుకు వేసిన రిబ్బను ముడి

పోయిన ఆదివారం అబిడ్స్‌లో, మూసిన దుకాణాల మెట్ల ముందు పాత పుస్తకాలు పరిచే చోట, వంగనని మొరాయించే నడుమును బతిమాలి వంచి, ఇంగ్లీషు జాతీయాలు ఎలా పుట్టాయో చెప్పే పుస్తకం ఒకటి తీసుకున్నాను. పోటీ పరీక్షలకు చదువుతున్న మనవరాలి కోసమని ఇంట్లో చెప్పాను గాని అది వంక, ఇలాంటి పుస్తకాల పిచ్చి మొదటినుంచీ నాదే. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక ఆటోలోనే తెరిచాను. అదేం చిత్రమో, ఆటో నాంపల్లి స్టేషను ముందు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సమయానికి నా బొటనవేలి కింద కనిపించిన మాట ‘రెడ్ టేప్’.

దాని మీద అరపేజీ వివరణ ఉంది. పూర్వం స్పెయిన్ దేశపు ఒక రాజుగారి కొలువులో మామూలు కాగితాలను మామూలు దారంతో కట్టి, మంత్రులు వెంటనే చూడవలసిన కాగితాలను మాత్రం ఎర్ర పట్టీతో కట్టేవారట. ఆ పద్ధతి చూసి ముచ్చటపడి పక్క దేశాల వాళ్ళూ, ఆ తరువాత ఇంగ్లీషు కోర్టులూ కచేరీలూ ఎర్ర టేపు పట్టుకున్నాయట. పోనుపోను ప్రతి కాగితానికీ టేపు కట్టడం, కట్టినదాన్ని తీరిగ్గా విప్పడం అలవాటైపోయి, జనం విసిగి, ఎక్కడ పని ఆగినా ‘రెడ్ టేప్’ అని తిట్టడం మొదలుపెట్టారట. కాదు, ఇది ఇంగ్లీషు వకీళ్ళ దగ్గరే పుట్టిందనే వాళ్ళూ ఉన్నారని చివర ఒక ముక్క తగిలించారు. ఏదైతేనేం, తొందరగా చూడమని కట్టిన టేపు తొందరగా చూడనితనానికి పేరైపోయింది. ఇంగ్లీషువాడు మనకు రైళ్ళతో పాటు ఆ టేపునూ, టేపుతో పాటు ఆ తిట్టునూ ఇచ్చి వెళ్ళాడు.

ఆ అరపేజీ చదివి, పుస్తకం మూసి, స్టేషను వైపు తల తిప్పాను. ఆటో ఆగిన చోటికి నాలుగడుగుల దూరంలో, ఆ స్టేషను లోపల, నలభై ఏళ్ళకు పైగా వెనకటి ఒక శుక్రవారం సాయంత్రం నేను ఒక ఎర్ర టేపు ముడి విప్పలేక నానా అవస్థా పడిన సంగతి అప్పటిదాకా నేను పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా సగమే చెప్పాను.

మా నాన్నగారు రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసు పెట్టెలతో పాటు హైదరాబాదు చేరిన గుమాస్తా. మాది తెనాలి వైపు. గన్‌ఫౌండ్రీ వెనక సందులో కిరాయికి తీసుకున్న రెండు గదుల వాటాలోనే మేము పుట్టి పెరిగాం. నాకు ఇరవై ఒకటో ఏట నాంపల్లిలో ఒక ప్రభుత్వ శాఖ ప్రధాన కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే అబిడ్స్ మీదుగా నడిచి వెళ్ళేదాన్ని. టైపు కూడా వచ్చునని తెలిసిన రోజు నుంచీ గుమాస్తా పనీ, టైపు పనీ రెండూ నా నెత్తినే పడ్డాయి.

మన కాలం వాళ్ళకు చెప్పనక్కర్లేదు గాని, ఫైలంటే అప్పట్లో రెండు అట్టల మధ్య పెట్టి, నిలువుగా అడ్డంగా ఎర్ర టేపు చుట్టి, పైన జారుముడి వేసిన కాగితాల కట్ట. మా సూపరింటెండెంటు గారు మా నాన్నగారి తరం మనిషి, చాలా నియమస్తుడు. చేరిన మొదటి రోజునే నన్ను కూర్చోబెట్టి టేపు కట్టడం నేర్పారు. ఒక ఫైలుకు ఒకే టేపు, ఒక టేపుకు ఒకే ఫైలు, రెండు ఫైళ్ళను కలిపి కట్టడమంటే ఇద్దరు మనుషులను ఒకే పాడె మీద మోయడం లాంటిదని ఆయన అనేవారు. ఆ పోలికకు నాకు ఒళ్ళు జలదరించింది గాని మాట మాత్రం గుర్తుండిపోయింది. కానీ ఎన్నిసార్లు నేర్పినా నా చెయ్యి మాత్రం చిన్నప్పుడు జడకు రిబ్బను కట్టుకున్నట్టే, రెండు రెక్కలు విచ్చుకున్న పువ్వులా ముడి వేసేది. అది చూసి ఆయన, ఇది ప్రభుత్వ కార్యాలయమా, బాలికల పాఠశాలా అని విసుక్కునేవారు. సెక్షనంతా నవ్వేది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ టేపు గట్టి నూలు టేపు, దానికి మించిన తాడు మధ్యతరగతి కొంపల్లో ఉండేది కాదు. మా సందులో దోమతెరలు సగం ప్రభుత్వపు టేపు మీదే వేలాడేవని నేనంటే కాదనే వాళ్ళు ఎవరూ లేరు. మా అమ్మ అడిగిందని నేనూ ఒక శనివారం నా సొరుగులో మిగిలిన టేపులో నాలుగు మూరలు పర్సులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. ఎవరూ తప్పనుకోని తప్పు అది.

ఆ తరువాతి సోమవారం నా బల్ల మీద ఒక సన్నటి ఫైలు ఉంది. మా శాఖలో డ్రైవరుగా పనిచేస్తూ చనిపోయిన ఒకతని భార్య, భర్త స్థానంలో ఏదో ఒక చిన్న ఉద్యోగం ఇప్పించమని పెట్టుకున్న అర్జీ. ఆవిడది మెదక్ దిక్కు పల్లె, ఏడో తరగతి చదివింది, ఇద్దరు ఆడపిల్లలు. ఆమె ఫైలు నేను చేరకముందు నుంచీ ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తిరుగుతూనే ఉంది. ఇప్పుడు గండమేమిటంటే, ఉద్యోగంలో చేరడానికి ఉన్న వయసు పరిమితి ఆ శుక్రవారంతో ఆమెకు దాటిపోతుంది. అది కూడా అసలు పుట్టిన రోజేం కాదు. బడిలో చేర్చిన నాడు పంతులు గారు పిల్ల ఎత్తు చూసి తోచిన తేదీ వేశారట. ఆ తేదీయే ఇప్పుడు గొంతు మీదికి వచ్చింది. శుక్రవారం లోపల డైరెక్టరు గారి సంతకం పడితే ఆమెకు ఉద్యోగం, పడకపోతే ఇక జన్మలో లేదు.

ఆవిడ వారానికోసారి అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సు దిగి నడిచి వచ్చి, మా మెట్ల కింద గోడకు ఆనుకుని కూర్చునేది. నన్ను చెల్లె అనేది, నేను అక్కా అనేదాన్ని. ఆ సోమవారం ఉదయం నేనే ఆమెతో, ఈ వారం తప్పకుండా అయిపోతుంది, శుక్రవారం వచ్చి కాగితం పట్టుకెళ్ళు అని గొప్పగా చెప్పి పంపించాను. పై అధికారులు చూడటానికి ఆ ఫైలులో రాసిన నోటు నా మొదటి పెద్ద నోటు, చాలా బాగా రాశానని నా నమ్మకం. ఇక సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టడమే తరువాయి.

దాంతో పాటు ఇంకో ఫైలు కూడా కదలాలి. ఏదో పాత భవనం మరమ్మత్తుల ఫైలు, పని ముగిసి మూసేసినది, జానెడు లావు, కింద రికార్డు రూముకు పోవలసినది. టేపు చూస్తే ఒక్కటే ఉంది. మిగిలిన నాలుగు మూరలూ మా అమ్మ దోమతెరకు కాపలా కాస్తున్నాయి. వరండా చివరిదాకా మోయడానికే కదా, అక్కడ విడదీద్దామనుకుని, సన్నదాన్ని లావుదాని కింద పెట్టి రెండింటినీ కలిపి ఆ ఒక్క టేపుతోనే కట్టాను. టేపు చాలక ముడి రెక్కలు వేలెడంతే వచ్చాయి. గుమ్మం దాకా వెళ్ళానో లేదో, డైరెక్టరు గారి పేషీ నుంచి టైపుకు రమ్మని కబురు. కట్టను అటెండరు స్టూలు మీద పెట్టి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉంది. దేనిని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి ఉంటాడులే అనుకుని, నా రిజిస్టరులో రెండు నంబర్లకూ ఎదురుగా, ఒకటి సూపరింటెండెంటు గారికి, ఒకటి రికార్డు రూముకు పంపడమైనదని చక్కగా రాసేశాను. చూడకుండా రాశాను. అంతటితో నా మనసు కూడా ఆ రాతనే నమ్మేసింది.

మంగళవారం సూపరింటెండెంటు గారు ఆ ఫైలేదని అడిగారు. పంపానండీ అన్నాను. రాలేదన్నారు. బుధవారం ఆయన బల్ల, నా బల్ల, పక్క సెక్షన్ల బీరువాలు అన్నీ కుమ్మరించి వెతికాం. గురువారానికి అందరి చూపులూ అటెండరు పెద్దాయన వైపు తిరిగాయి. లెక్క తేలికే కదా, గుమాస్తా పంపానంటోంది, రిజిస్టరులో రాత ఉంది, పై అధికారి అందలేదంటున్నారు, మధ్యలో మోసిన చెయ్యి ఒక్కటే. దిక్కులేని ఆడమనిషి దగ్గర చాయ్‌పానీకి ఆశపడి దాచిపెట్టాడని ఒకరు గొణిగితే, ముసలివాడికిదేం బుద్ధి అని ఇంకొకరు అందుకున్నారు. నేనేమీ అనలేదు. కాని కాదని కూడా అనలేదు, అది నాకిప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

ఆయన యాభై దాటిన మనిషి, నల్లగొండ దిక్కు నుంచి వచ్చి చిన్ననాడే ఆ ఆఫీసులో కుదురుకున్నాడు. అందరం కాకా అని పిలిచేవాళ్ళం. నేను చేరిన కొత్తలో ఏ అధికారికి ఏ సమయంలో కోపం వస్తుందో, ఎవరి గదికి ఎప్పుడు వెళ్ళకూడదో నాకు చెప్పి కాపాడినవాడు. ఆ గురువారం సాయంత్రం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, సోమవారం నాడు తను ఏమేం మోశాడో జర యాది చేసి చెప్పమని అడిగాడు. ఆ వారం అన్ని సెక్షన్ల నుంచీ పాత ఫైళ్ళు కిందికి దింపుతున్నారు, ఎన్ని కట్టలు మోశాడో ఆయనకే తెలియదు. నేను రిజిస్టరు చూపించాను. చదువు రాని ఆ మనిషి నా దస్తూరీ వంక కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఉదయం పదిన్నరకే ఆవిడ వచ్చింది. మంచి చీర కట్టుకుని, పెద్ద పిల్లను వెంటబెట్టుకుని, కాగితం పెట్టుకోవడానికి కొత్త గుడ్డసంచి తెచ్చుకుంది. నేను మెట్లు దిగి ఆమె ముందుకు వెళ్ళలేక, మధ్యాహ్నం దాకా వెనక గుమ్మం నుంచే తిరిగాను. ఈలోగా ఇంకో పిడుగు పడింది. డైరెక్టరు గారు ఆ సాయంత్రం రైలుకే ఢిల్లీ వెళుతున్నారు, నాలుగు నలభైకి నాంపల్లిలో బండి, మూడున్నరకే గది వదిలేస్తారు.

భోజనాల తరువాత సూపరింటెండెంటు గారు నన్ను పిలిచి, అటెండరుకు సంజాయిషీ మెమో ఒకటి టైపు చెయ్యమని చేత్తో రాసిన చిత్తు ఇచ్చారు. ఆయన ముఖం నల్లబడి ఉంది, ఆయనకూ అది ఇష్టమైన పని కాదు. మూడు కార్బన్లు పెట్టి మొదలుపెట్టాను. సోమవారం నాడు నీ ద్వారా పంపబడిన ఈ కింది ఫైళ్ళలో, అని వచ్చింది. కింద నా రిజిస్టరులోని నంబర్లు వరుసగా కొట్టాలి. ఆవిడ ఫైలు నంబరు కొట్టాను. దాని కింద భవనం మరమ్మత్తుల ఫైలు నంబరు కొట్టాను. ఆ రెండు నంబర్లూ ఒకదాని కింద ఒకటి కాగితం మీద కనిపించగానే, నా రెండు చేతుల మధ్య ఆ కట్ట బరువు మళ్ళీ తగిలింది. చాలీచాలని టేపు, వేలెడంత రెక్కలు, పైన లావు ఫైలు మీద ‘రికార్డు రూముకు’ అన్న చీటీ. ఆయన ఏ తప్పూ చేయలేదు. పైన ఉన్న చీటీ గుర్తుపట్టి, ఒకే టేపులో ఉన్నది ఒకే ఫైలనుకుని, మొత్తం కట్టను కిందికి తీసుకెళ్ళాడు. ఆ ఆఫీసులో పుట్టి పెరిగిన ఎవడైనా అదే చేస్తాడు.

ఆ క్షణంలో నాలో ఏం జరిగిందో దాచకుండా చెబుతాను. నిజం చెప్పాలనిపించడానికి ముందు భయం వేసింది. నా ప్రొబేషను ఇంకా పూర్తికాలేదు, ఇంట్లో నా తరువాత ఇద్దరు చెల్లెళ్ళు. ఎవరికీ తెలియకుండా నేనే కిందికి వెళ్ళి వెతికి, ఫలానా చోట దొరికిందని తెచ్చి ఇస్తే సరిపోతుంది కదా అని ఒక్క నిమిషం, అబద్ధమెందుకు, ఐదు నిమిషాలు ఆలోచించాను. గోడ గడియారంలో రెండూ ఇరవై అయింది. కిందనేమో పైకప్పు దాకా ర్యాకులు, వాటిలో వేల కట్టలు, రికార్డు కీపరేమో సెలవు మీద ఉన్నాడు. ఒక్కదాన్ని వెతికితే వారం పడుతుంది. మెమో కాగితాన్ని మిషన్లోనే వదిలేసి సూపరింటెండెంటు గారి ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను, దోమతెరతో సహా.

ఆయన తిట్టలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, “ఒక టేపుకు ఒకే ఫైలని ఎందుకు చెప్పానో ఇప్పుడు తెలిసిందా అమ్మాయీ” అని మాత్రం అన్నారు. తరువాత కాకాను పిలిచి, నా ఎదుటే, పొరపాటు నీది కాదయ్యా అని చెప్పారు. కాకా నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. కోప్పడతాడేమో అనుకున్నాను గాని, ఆయన అప్పటికే తాళంచెవుల కోసం మేకు వైపు నడుస్తున్నాడు.

రికార్డు రూములో ఒకటే బల్బు. అక్కడ ఎర్ర టేపు అన్న మాటే అబద్ధం, ఏళ్ళ దుమ్ముకు అన్నీ ఇటుక రంగుకు తిరిగి, ఏ కట్ట చూసినా ఒకటే రూపు. ఆ వారం దింపిన కొత్త కట్టలను కూడా ఖాళీ దొరికిన చోటల్లా దూర్చేశారు. కాకా నిచ్చెన ఎక్కాడు, నేను కింది వరుసలు పట్టుకున్నాను. అట్టల మీద నంబర్లు కనబడటం లేదు, ఒక్కొక్కటి లాగి చూడాలి. ముక్కుల్లో దుమ్ము, చీరంతా బూజు. మూడు అయింది. మూడుంపావు అయింది. పైన బయలుదేరబోతున్న డైరెక్టరు గారి కారు శబ్దం వినిపించింది. ఇక లాభం లేదు, మెట్ల కింద కొత్త గుడ్డసంచి పట్టుకుని కూర్చున్న మనిషికి నేనేం చెప్పాలి అనుకుంటూ నేలమీద కూలబడి ఏడ్చేశాను.

అప్పుడు నిచ్చెన మీది నుంచి కాకా నంబర్లు చూడటం మానేయమన్నాడు. ఆయనకు ఎలాగూ నంబర్లు చదవడం రాదు, ఇందాకటి నుంచీ ఆయన చూస్తున్నది వేరు. చెయ్యి చాపి, మూడో ర్యాకు పై వరుసలో లోపలికి తోసి ఉన్న ఒక కట్టను ముందుకు లాగాడు.

“గిది నీ ముడే బిడ్డా. గీ రిబ్బను పువ్వు నీవు గాక ఈ ఆఫీసుల ఎవలు కడ్తరు?”

అవును, వేలెడంత రెక్కలు. సెక్షనంతా నవ్విన ముడి. సోమవారం నుంచీ అక్కడే, నా పేరు రాసిపెట్టినట్టు కూర్చుని ఉంది.

పైకి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. సూపరింటెండెంటు గారు నిలబడే చదివి సంతకం పెట్టి, లావు ఫైలును పక్కన పడేసి, సన్నదాన్ని అదే టేపుతో కట్టించి, స్టేషనుకు పరుగెత్తండి అన్నారు. మెట్ల కింద ఆవిడను చూసి రా అక్కా అన్నాను, అంతే, ఎందుకని కూడా అడగలేదు. పిల్లను కాపలాదారు దగ్గర వదిలి, చెప్పులు చేతబట్టుకుని మాకంటే ముందు పరుగెత్తింది. నాంపల్లి రోడ్డు మీద రిక్షాలూ, తోపుడు బండ్లూ, జనం. కాకాకు ఆయాసం, నాకు చీర కుచ్చెళ్ళు కాళ్ళకు అడ్డం. ప్లాట్‌ఫారం టిక్కెట్లు తీసుకున్నామో లేదో కూడా నాకు గుర్తులేదు. తీసుకోలేదనే అనుకుంటాను.

డైరెక్టరు గారు ఫస్టుక్లాసు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి ఏమైందో అనుకుని కిటికీ దగ్గరికి వంగారు. నేను ఫైలు ఎత్తి పట్టుకుని టేపు విప్పబోయాను. పరుగులో ఫైలును గుండెకు అదుముకుని టేపు కొసలు పట్టుకు లాగి ఉన్నానేమో, జారుముడి కాస్తా పీటముడై కూర్చుంది. గోళ్ళు విరిగేట్టు లాగినా రాలేదు. అంతలో గార్డు విజిలు వినిపించింది. డైరెక్టరు గారు విసుగ్గా, తెంచెయ్యండి దాన్ని అన్నారు. నూలు టేపు తెగితే కదా. కాకా నా చేతిలోంచి ఫైలు లాక్కుని, ముడి పక్కన పళ్ళతో పట్టి కొరికి తెంపాడు.

ఇన్నాళ్ళూ ఇది ఎక్కడుందని డైరెక్టరు గారు అడిగారు. నేను నోరు తెరిచాను. నాకన్నా ముందే కాకా, “రికార్డు రూముల కలిసిపోయింది సార్, ఎతికి తెచ్చినం” అన్నాడు. ఎలా కలిసిందో, ఎవరు కలిపారో చెప్పలేదు. ఆయన కిటికీ ఊచల మధ్యనే అట్ట పెట్టుకుని, నేను రాసిన నోటు మొదటి నుంచి చివరి దాకా తాపీగా చదివి, సంతకం పెట్టి, కింద తేదీ వేసి ఇచ్చారు. సినిమాలో అయితే అప్పుడే బండి కదలాలి. నిజానికి ఆ విజిలు పక్క బండిది. మా బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరిందని తరువాత తెలిసింది. ఆ ఇరవై నిమిషాలు ఉన్నాయని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నా ఆయుష్షు ఇంకొంచెం మిగిలేది.

నేను సిమెంటు బల్ల మీద కూర్చుని సిరా ఆరేదాకా ఆ కాగితాన్ని పట్టుకుని ఉన్నాను. కొంచెం ఎడంగా, నీళ్ళ కుళాయి దగ్గర, కాకా ఆవిడతో ఏదో చెబుతున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ తల ఊపుతోంది. ఉద్యోగం వచ్చినట్టేనని ధైర్యం చెబుతున్నాడనుకున్నాను. తెగిన టేపు ముక్క నా ఒళ్ళో పడి ఉంది, పర్సులో పెట్టుకున్నాను. ఈసారి దోమతెరకు కాదు.

ఆవిడకు మా ఆఫీసులోనే అటెండరు ఉద్యోగం వచ్చింది. ఇద్దరు పిల్లలనూ చదివించింది. ఆవిడ రిటైరయ్యేదాకా రోజూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ నన్ను చూపించి, నా కాయితం ఎతికి తెచ్చింది ఈ చెల్లెనే అని చెప్పేది. ఊరి నుంచి వచ్చినప్పుడల్లా సకినాలు తెచ్చి నా సొరుగులో పెట్టేది. నేను ఆ సకినాలు తిన్నాను. పోగొట్టింది నేనేనని ఒక్కనాడూ చెప్పలేదు. ఏటేటా చెప్పడం ఇంకా కష్టమైంది.

మొన్న ఆదివారం ఆ పుస్తకం తెచ్చిన సాయంత్రమే ఆవిడకు ఫోను చేశాను. ఇప్పుడు చిన్నకూతురి దగ్గర ఉంటోంది, చూపు కొంచెం మందగించింది. మాటల్లో తన బాధ చెప్పుకొచ్చింది. మనవరాలికి ఏదో సర్టిఫికెట్టు కావాలట, దరఖాస్తు అంతా కంప్యూటర్లోనే పెట్టారట, ఎప్పుడు చూసినా పెండింగ్ అనే చూపిస్తోందట. ఎవరి దగ్గర ఆగింది అంటే చెప్పే మనిషే లేడట. మా కాలంలోనైతే మెట్ల కింద కూర్చునేందుకైనా ఒక గోడ ఉండేది అంది. అదే అదనుగా, నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుండగా, సోమవారం నుంచి శుక్రవారం దాకా జరిగిందంతా చెప్పేశాను. ఒక టేపుకు రెండు ఫైళ్ళు కట్టింది నేనేనక్కా అన్నాను.

కోపం వచ్చిందేమో, అన్నేళ్ళు తిన్న సకినాలు ఇప్పుడు గొంతుకు అడ్డం పడతాయేమో అనుకున్నాను. తరువాత ఆవిడ మెల్లగా అంది.

“గందుకేనా చెల్లె. గా పొద్దు స్టేషన్ల కుళాయి కాడ కాక నాతోని ఒకటే మాట అన్నడు. ఎప్పుడన్న ఏమన్న తెలిస్తే ఈ పిల్లను ఏమనకమ్మా, చిన్నపిల్ల, భయపడి ఉన్నది అని. ఏం తెలుస్తదో, ఎందుకన్నడో నాకు ఇన్నేండ్ల సంది సమజ్ కాలే.”

ఆ మాట తరువాత ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో నాకు సరిగ్గా గుర్తులేదు. మనవరాలి దరఖాస్తు నంబరు ఒకటి చెప్పింది, రాసుకున్నాను. మర్నాడు మా మనవరాలితో కంప్యూటరు తెరిపించి చూశాను. పచ్చ గీత ఒకటి సగం దాకా వచ్చి ఆగి ఉంది, పెండింగ్ అని ఉంది. ఎర్ర టేపు పోయి పచ్చ గీత వచ్చింది, బాగానే ఉంది, దుమ్ము లేదు, పళ్ళతో కొరికే పని లేదు. కానీ ఆ గీత ఎవరి చేతిలో ఆగిందో తెలుసుకోవడానికి నిచ్చెన ఎక్కి వెతికే ర్యాకు ఎక్కడ ఉందో, ఇది ఫలానా పిల్ల ముడి అని గుర్తుపట్టే కాకా ఎక్కడ దొరుకుతాడో, ఎంతసేపు చూసినా నాకు తెలియలేదు.

మెమో టైపు చేసిన ఆ రోజు దాకా రెండు రోజుల పాటు ఆయన్ను దొంగను చూసినట్టు చూసిన సెక్షనులో నేనూ ఉన్నాను. ఆయనే నా ఫైలు వెతికాడు, ఆయనే నా పేరు బయటికి రాకుండా చూశాడు, నాకు తెలియకుండా నా కోసం ఇంకొకరిని బతిమాలాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. నా కుట్టుపెట్టెలో ఆ టేపు ముక్క ఇంకా ఉంది, పంటి గాటు దగ్గర నూలు పీచు లేచి ఉంది. నిన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు గుర్తుచేసుకున్నా, ఆ సాయంత్రం స్టేషను మెట్లు దిగుతూ ఆయనకు థాంక్స్ చెప్పినట్టు గుర్తుంది గాని, తప్పు నాది కాకా, క్షమించు అని చెప్పినట్టు మాత్రం ఎక్కడా గుర్తుకు రావడం లేదు.